మందు దిగేదాకా

గంటేనమ్మా, ఇంకొక్క గంట, అనీసి వెళ్లిపోయేడు మెషీన్లు చూసే లోకనాథ్. గంట అన్న మాట వీళ్ల నోట్లో ఎంత తేలికో! ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూచుని మా అప్ప వేళ్లు చూస్తూ గడిపితే తెలుస్తాది గంటంటే ఏటో. అప్ప గాల్లో జీడిపిక్కలు కొడతంది. ఎడమచెయ్యి కదపకూడదు, రెండు సూదులు గుచ్చి ఉన్నాయి, ఆ గొట్టాల్లోంచే రక్తం మెషీన్లోకి వెళ్లి శుభ్రపడి తిరిగొస్తంది, అందుకని ఆ చేతిని మెత్తటి గుడ్డతో మంచానికి కట్టేరు. కుడిచెయ్యి మాత్రం ఆగదు. లేని పిక్కని అందుకుంటాది, లేని కత్తి కింద పెడతాది, లేని పప్పుని తీసి పక్కకి విసురుతాది, మధ్యలో భుజం ఒకసారి ఉలిక్కిపడినట్టు ఎగురుతాది, మళ్లీ మొదలు. "మేత్రీ, నా బుట్ట ఎవులు మార్సీసినారు?" అని నన్ను నిలదీస్తంది. ఈవాళ నేను జీడిపిక్కల షెడ్డు మేస్త్రీని. నిన్న బళ్లో పంతులమ్మని. ఓలమ్మో, నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి, పక్క గదిలోంచి దగ్గు విని అది తన చెల్లెలు అమ్ములు దగ్గే అని చెప్పగలిగే మనిషి, నా మొహంలోకి చూసి మేస్త్రీ అంటంది. పలాస ఎండ కిటికీ అద్దం మీద పడి మంటెడతంది, పక్క మంచం మీద కంచిలి నుంచి వచ్చిన ముసలాయన నిద్రపోతన్నాడు, వరసగా అన్ని మంచాలూ నిండే ఉన్నాయి, అందరూ కిడ్నీలు చెడిన మా ఉద్దానపోళ్లే, అప్ప మాటలకి అవతల మంచం ఆవిడ నవ్వుతంది కూడా. నవ్వు తల్లీ, నువ్వేనా నవ్వు.

ఈ గంట అయ్యేలోపల నేను ఒక మాట చెప్పాలి. అర మాత్ర వెయ్యండి అనాలి, లేకపోతే వద్దండి అనాలి. వేస్తే మతి మళ్లీ పోవచ్చు, వెయ్యకపోతే కుడికన్ను పోవచ్చు, ఇదీ సంగతి, ఇంతకన్నా మెలిక ఏమీ లేదు. డాక్టరు లక్ష్మీకుమారి గారు పొద్దున్న నన్ను వరండాలో నిలబెట్టి చెప్పేరు, చూడమ్మా, మీ అక్కకి సర్పి నుదుటి మీద లేచింది, ముక్కు కొన మీద కూడా పొక్కు వచ్చిందంటే ఆ వైరస్ కంటికి వెళ్లే నరాన్ని పట్టుకుందన్నమాట, కంటి డాక్టరు నల్లగుడ్డు మీద అప్పుడే చిన్న మచ్చ చూసేరు, మందు ఆపి రెండ్రోజులైంది, ఇంకా ఆపితే కన్ను నా చేతిలో ఉండదు, ఈ డయాలసిస్ అయ్యేక అర మాత్ర వేద్దాం, మీ బావగారేమో ససేమిరా అంటున్నారు, మీరు ఆ ఫీల్డులోనే ఉన్నారు కదా, మీరే చెప్పండి. ఆ ఫీల్డులోనే! నవ్వాలో ఏడవాలో తెలీక తలూపేను. అవునండీ, ఆ ఫీల్డులోనే, వైరస్‌లకి మందు కనిపెట్టే ఫీల్డులోనే ఏళ్ల తరబడి విశాఖపట్నంలో తెల్లకోటు వేసుకుని తిరుగుతన్నాను, కనిపెట్టింది గుండుసున్నా. ఆవిడ మంచి మనిషే, ఆవిడ మీద నాకు కోపం లేదు. ఎవరి మీదో తెలిస్తే బాగుణ్ణు, వెళ్లి వాళ్ల గుమ్మంలో నిలబడి నాలుగు తిట్టి వచ్చేదాన్ని.

అసలు మొదట్లో దీన్ని సర్పి అని ఎవరూ అనుకోలేదు. ఇంకెక్కడైనా అయితే నుదుటి మీద పొక్కులు లేస్తే మనుషులు గాభరా పడతారు. పలాసలో పడరు. పలాసలో పొక్కంటే జీడి. పిక్క తొక్కలోని రసం చుక్క పడితే చాలు, చర్మం కాలి బుడగలెత్తుతాది, పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతుల మీదా బుగ్గల మీదా ఆ మచ్చలు మామూలే. చెమట తుడుచుకున్నప్పుడు చెయ్యి తగిలుంటాదిలే అనుకుంది అప్ప, బావా అదే అనుకున్నాడు, షెడ్డులో వాళ్లందరూ అదే అనుకున్నారు, కొబ్బరినూనె రాయించుకుని మళ్లీ పిక్కల ముందు కూచుంది. డయాలసిస్ లేని రోజైనా ఇంటి పట్టున ఉండవే అంటే వినదు, ఇంట్లో ఉంటే రోగం గుర్తొస్తాదంటాది. మంటగా ఉందే అంటే, జీడి మండక చల్లగుంటాదేటే అన్నారట పక్కవాళ్లు. ఒక్క పక్కనే లేచేయి పొక్కులు, నుదుటికి సరిగ్గా సగంలో గీత గీసినట్టు ఆగిపోయేయి. జీడి ఎక్కడైనా గీత చూసుకుని పడతాదా? ఆ ఒక్కటీ ఎవరైనా చూసుంటే తెలిసిపోయేది. నాకు ఒక ఫోను కొట్టినా తెలిసిపోయేది. కొట్టలేదు, అమ్ములుకి చెప్తే ఊరికే కంగారెడతాది అనుకున్నారట. ఆ మందు బాగా పనిచేసేది మొదటి రోజుల్లోనే, ఆ రోజులు కాస్తా కొబ్బరినూనెలో పోయేయి.

తర్వాత టెక్కలి వెళ్లేరు. అక్కడ చర్మం డాక్టరు చూడగానే సర్పి అనేసేడు, ఆలస్యమైంది అన్నాడు, అందరికీ రాసినట్టే పెద్ద మాత్రలు పూటకొకటి రాసేడు, ఆయన తప్పేమీ లేదు, వేరే జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగేడట కూడా. మా అప్ప ఏం చేసింది? చీరకొంగు ఎడమచేతి మీదకి లాక్కుని, ఏటీ నేదు బాబూ అంది. ఏటీ లేదట! సూదులు గుచ్చీ గుచ్చీ ఆ చేతి నరం తాడులా లేచిపోయింది, మీద వేలు పెడితే గుర్రుమని కొట్టుకుంటాది, దాన్ని కొంగు కింద దాచింది. ఎందుకు దాచిందో ఉద్దానంలో ఎవర్నడిగినా చెప్తారు. డయాలసిస్ అన్న మాట నోట్లోంచి వచ్చిందా, డాక్టరు కలం కింద పెట్టేస్తాడు, అమ్మో మేం ముట్టుకోం, పెద్దాసుపత్రికి పోండి అంటాడు. పన్ను నొప్పికెళ్లినా అదే మాట, కాలు బెణికినా అదే మాట. తిరిగీ తిరిగీ మా వాళ్లు చేతులు దాచుకోడం నేర్చుకున్నారు. ఎండాకాలంలో నిండు చేతుల చొక్కా తొడుక్కుని మగవాడు వచ్చేడంటే మాకు అర్థమైపోతాది. బావ పక్కనే ఉన్నాడు, తనూ నోరెత్తలేదు. ఆ మాత్రల చీటీ పట్టుకుని బయటికొచ్చి, పరీక్ష పాసైనట్టు, ఒక్క టీ కొనుక్కుని ఇద్దరూ పంచుకు తాగేరట.

ఆ మందు చెడ్డదైనా బాగుణ్ణు. చెడ్డది కాదు, అదీ నా ఏడుపు. మిగతా క్రిములున్నాయి, బాక్టీరియా, వాటికి సొంత ఇల్లుంటాది, సొంత గోడలుంటాయి, ఆ గోడ కూలగొడితే మనకేమీ అవదు. వైరస్‌కి సొంత పొయ్యి కూడా లేదు, దరిద్రపుది, మన కణంలో దూరి మన పొయ్యి మీదే వండుకుంటాది, దాన్ని ఆర్పుదామని నీళ్లు పోస్తే ఆరేది మన పొయ్యే. అందుకే యాంటీవైరల్ మందంటే అందరూ జడుస్తారు. ఈ సర్పి మందు కనిపెట్టినవాళ్లు ఎంత తెలివైనవాళ్లంటే, నిద్రపోయే మందు తయారుచేసేరు. మంచి కణంలోకి వెళ్తే అది నిద్రపోతూనే ఉంటాది, ఎవరికీ ఏమీ చెయ్యదు. వైరస్ ఉన్న కణంలోకి వెళ్తే ఆ వైరసే తన చేత్తో తట్టి లేపుతాది, లేచిన మందు దాని పనే పట్టేస్తాది. మొదటిసారి క్లాసులో విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది, మందంటే ఇలా ఉండాలి, చేస్తే ఇలాంటిది ఒక్కటి చెయ్యాలి, చాలు, అనుకున్నాను. సరే, పని అయ్యేక మందు ఒంట్లోంచి బయటికి పోవాలి కదా. దానికున్న తోవ మూత్రపిండం. అప్పకి ఆ తోవ మూసుకుపోయి ఏళ్లయింది. వేసిన మాత్ర వేసినట్టే రక్తంలో నిలవైపోయింది, నిలవైనది మెదడుకెక్కింది, లోకంలోకెల్లా నెమ్మదైన మందు మా అప్ప ఒంట్లో విషమై కూచుంది. నిన్న మెషీన్ మీద పెట్టి కొంత కడిగేరు, మిగిలింది ఈవాళ కడుగుతన్నారు.

ఏ కొత్త మందు పరీక్షకైనా మనుషుల్ని తీసుకునేటప్పుడు ముందే రాసుకుంటారు, కిడ్నీలు బాగున్నవాళ్లే కావాలి అని. తప్పని అనను, ముందే చెడిపోయిన కిడ్నీ మీద కొత్త మందు పోస్తే ఏటవుతాదో ఎవరికి తెలుసు. కానీ ఆ ఒక్క మాటతో ఉద్దానం ఉద్దానమంతా బయటికి పోతాది. మా ఒంటి కొలత తీసి కుట్టిన చొక్కా ఒక్కటీ లేదు, అందరిదీ కత్తిరించి సగం చేసి తొడుగుతారు, సరిపోతే సరిపోయింది, లేకపోతే లేదు. మా రక్తం మాత్రం అందరికీ కావాలి. ఏటా ఏదో ఒక జీపు దిగుతాది, బోరు నీళ్లు సీసాల్లో పట్టుకెళ్తారు, రక్తం పట్టుకెళ్తారు, మూత్రం పట్టుకెళ్తారు, ఒకాయన అప్ప వండిన చేపల కూర కూడా డబ్బాలో పెట్టించుకెళ్లేడు, బాగుందనైనా చెప్పలేదని అప్ప ఇప్పటికీ తిడతాది. ఇంత చేసీ ఈ జబ్బు ఇక్కడే ఎందుకొస్తందో తేల్చి చెప్పిన నాథుడు లేడు. పొలంలో మందులంటాడొకడు, నీళ్లంటాడొకడు, ఎండలో ఒళ్లు ఎండగట్టుకోడమంటాడొకడు. చిన్న పిల్లలకి కూడా ఇక్కడ క్రియాటినిన్ అన్న మాట తెలుసు, కిరాటిన్ అంటారు, మా నాన్నకి కిరాటిన్ ఎక్కింది అని జరం చెప్పినట్టు చెప్తారు.

పూండీ స్టేషన్లో రైలు దిగితే చాలు, ఆటోవాళ్ల దగ్గర్నించి మొదలు, "ఏటమ్ములూ, మందు కనిపెట్టీసినావేటి?" కరోనా నాడు పుట్టిన ఎగతాళి అది, ఇంకా చావలేదు. అంత సదువు సదివీసి ఒక్క పురుగుని సంపనేవేటే అంటాడు మా పెదనాన్న. చంపడం ఎంతసేపు పెదనాన్నా? బ్లీచింగ్ పౌడరు చంపుతాది, సలసల కాగే నీళ్లు చంపుతాయి. మనిషి మిగలాలి కదా! డెంగ్యూ కోసం మా టీం చేసిన మందు, గాజు పళ్లెంలో కణాల మీద పోస్తే వైరస్ ఒక్కటి మిగల్లేదు, మా నాగరాజు సార్ ఆ రోజు అందరికీ కాజాలు తెప్పించేరు. ఎలకలకి ఎక్కించేం. వైరస్ పోయింది. ఎలక మూత్రపిండంలో వెంట్రుకల్లాంటి సన్నటి గొట్టాలుంటాయి, అవీ పోయేయి. మందు తగ్గించేం, వైరస్ తిరిగొచ్చింది. పెంచేం, కిడ్నీ పోయింది. మధ్యలో కాలు పెట్టుకునే చోటు కోసం ఏళ్లు వెతికేం, ఆ మందు అణువుకి ఓ కొమ్మ తగిలించి, ఓ కొమ్మ విరిచి, మళ్లీ ఎలక, మళ్లీ అదే గొట్టాలు. ఎలక మీద కోపంతో ఇల్లు తగలెట్టుకున్నాడని సామెత చెప్తారు, మేం ఇల్లు తగలెట్టి ఎలకనీ చంపుకున్నాం. కిందటి నెల ఇంక ఆపేయండి అన్నారు పైవాళ్లు. మా అయ్య ఉన్నప్పుడు వలలో పీత చిక్కేది, రాయట్టుకుని కొడితే పీత చస్తాది, వలా తెగుతాది, అందుకని బూతులు తిడుతూ ఒక్కో కాలూ విడదీసేవాడు. నాకూ తిట్లొచ్చు, ఓపికా ఉంది, మరి నాకెందుకు విడిపోదు ఈ పీత? మైక్రోస్కోప్ కింద ఆ చెడిపోయిన గొట్టాలు చూసినప్పుడల్లా నాకు అప్పే కనబడేది, ఎవరికి చెప్పుకోను, సైన్సులో అప్పలూ చెల్లెళ్లూ ఉండరు కదా, బాత్రూంలోకి వెళ్లి మొహం కడుక్కొచ్చేదాన్ని.

ఇంకొకటుంది, అది తలుచుకుంటే ఒళ్లు మండుతాది. సర్పి బయట్నించి రాలేదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు దూరిన వైరసే ఇది, పొక్కులు తగ్గి మనం తలంటు పోసుకుని పండగ చేసుకుంటాం, అది పోదు, నరం మొదట్లో దాక్కుని ఏళ్లకేళ్లు పడుకుంటాది, ఒంట్లో బలం తగ్గిన రోజు చూసి లేస్తాది. ఆటలమ్మ మా ఇంట్లో ముందు నాకు పోసింది. అప్ప పెళ్లీడు పిల్ల, దాని దగ్గర పడుకోకే, నీకూ పోత్తాది, మొహం మీద మచ్చలు పడతాయి అని అమ్మ అరిచింది. అప్ప వినలేదు, వేపమండతో నా వీపు రాస్తూ నా చాప మీదే పడుకునేది, నేను గోకబోతే చెయ్యి పట్టుకునేది. తర్వాత తనకీ పోసింది. అంటే ఇప్పుడు ఆ నుదుటి మీద లేచింది ఎక్కడిది? నా దగ్గర్నించి వెళ్లిందే. నాలో పడుకున్నదీ అదే, నాది ఇంకా లేవలేదు, అంతే తేడా. నాకు మంచి కిడ్నీలున్నాయి, లేచినా మాత్రలు మింగి నాలుగు రోజుల్లో ఆఫీసుకెళ్లిపోతాను. ఎంత అన్యాయం ఇది! అప్ప నుదురు చూడలేకపోతన్నాను, పొక్కులు చితికి అట్టలు కట్టేయి, రెప్ప ఉబ్బి కన్ను మూసుకుపోయింది, మూసుకున్న ఆ కంటి కొసన నీరు కారతంది, తుడిస్తే నొప్పికి "సీ, తియ్యి సెయ్యి మేత్రీ" అని కసిరింది.

తెర తప్పించుకుని బావ లోపలికొచ్చేడు. దానయ్య బావ, ఆరడుగుల మనిషి, గుజరాత్‌లో వీరావల్ దాకా వెళ్లి బోటు మీద పనిచేసొచ్చినవాడు, అప్ప మెషీనెక్కిన నాట్నుంచి వెళ్లడం మానేసి ఊళ్లోనే చిన్న తెప్ప వేసుకుంటన్నాడు. తెర దగ్గరే తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు, మంచం దాకా రాలేదు.

"అమ్ములూ, నీకు దణ్ణమెడతాను. ఆ మాత్ర మరి దాని నోట్లోకి ఎల్లనీకు."

"కన్ను పోతాది బావా."

"పోనీ! ఒంటికన్నుతో బతకరేటి? కొండ నాలిక్కి మందేత్తే ఉన్న నాలిక ఊడిపోనాది. మల్లీ అదే మందంతారు. ఏటి సదువులే మీయి?"

"అర మాత్రే బావా, అది కూడా ఇప్పుడు కడిగీసేక."

"అర పాము కరిత్తే సావరేటి?"

నాకు తిక్క రేగిపోయింది, ఇంత సేపూ దిగమింగుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "టెక్కలిలో డాక్టరు అడిగినప్పుడు నీ నోరేమైంది? అక్కడ ఒక్క మాట, ఒక్క మాట చెప్పుంటే ఇదంతా ఉండేదా?" అని అరిచేను, అవతల మంచం ఆవిడ నవ్వు ఆపేసింది.

బావ నా వంక చూడలేదు. "సెప్పబోనాను," అన్నాడు. "బల్ల కింద నా సెయ్యి నొక్కీసినాది. మల్లీ తిప్పలెట్టకు, నీరసంగున్నాది, ఇక్కడే రాయించుకుందాం అన్నట్టు సూసినాది. ఊరుకున్నాను." "నిన్న నన్ను సూసి ఎవుల్రా నువ్వు అన్నాది," అన్నాడు, ఆ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అంత మనిషీ భుజాలు కదిలిపోతా ఏడ్చేడు. అన్న మాట వెనక్కి తీసుకోడానికి నోరు రాలేదు, ఎందుకంటే అది నిజమే. ఆయన అన్నదీ నిజమే. బయటికి వెళ్లిపోయేడు.

సరే, ఆలోచించు అమ్ములూ, ఆలోచించు, దీనికే కదా నీకు జీతమిస్తారు. అర మాత్ర, డయాలసిస్ అయ్యేక, ఈ లెక్క పుస్తకాల్లో ఉంది, డాక్టరుగారు సొంతంగా చెప్పింది కాదు. ఎక్కువ మందికి ఏమీ అవదు. కొంతమందికి అర మాత్రకే మతి తప్పింది, అదీ పుస్తకాల్లోనే ఉంది, నేనే చదివేను. అప్ప ఎందులో? ఎక్కువ మందిలోనా, కొంతమందిలోనా? ఒకసారి మతి తప్పిన మనిషికి మళ్లీ తప్పడం తేలికా, లేకపోతే అప్పుడు వేసిన డోసు అంత పెద్దది కాబట్టి తప్పిందా? తెలీదు. మా లాబ్‌లో అయితే పన్నెండు ఎలకల్ని అటూ పన్నెండు ఎలకల్ని ఇటూ పెడతాం. నాకు ఒక్క అప్పే ఉంది. వద్దంటాను, కన్ను పోతాది, పోయేక రోజూ ఆ మూసుకున్న కన్ను చూస్తూ అన్నం తినాలి. వెయ్యమంటాను, రేపు పొద్దున్న నన్ను మళ్లీ మేస్త్రీ అంటాది, ఈసారి తిరిగి రాకపోతే? డాక్టరుగారూ, మీరే నిర్ణయించండి అని చెప్పేసి, బయటికెళ్లి కొబ్బరిచెట్ల నీడలో కూచుంటే? ఛీ, సిగ్గు లేకపోతే సరి. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో సైంటిస్టు. మందులు కనిపెట్టడానికి అన్నేళ్లు చదివేను, ఉన్న మందుని ఉన్న ఒక్క మనిషికి ఇవ్వొచ్చో కూడదో చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు. ఆ మెషీన్ని తన్నాలనిపిస్తంది. మెషీనేం చేసింది పాపం, ఈ గదిలో పని చేస్తన్నది అదొక్కటే.

"ఆ తాతకి కాలు బయటకొచ్చీసినాది. ఎవులైనా కప్పండే."

ఎవరన్నారో నాకు వెంటనే తట్టలేదు. పక్క మంచం మీద కంచిలి ముసలాయన కాలు నిజంగానే దుప్పట్లోంచి బయటికొచ్చి ఉంది. నేను తిరిగి చూసేను. అప్ప కుడిచెయ్యి పొట్ట మీద ఊరికే పడి ఉంది. పిక్కలు లేవు, కత్తి లేదు. ఎడమకన్ను నన్నే చూస్తంది.

"నువ్వెప్పుడొచ్చినావే? డూటీ నేదేటి?"

"నేనెవర్ని?" అన్నాను.

"ఇదేటే ఎర్రిగుంటా, నువ్వెవులో నాకు సెప్పమంతావేటి? అమ్ములూ, ఈ సెయ్యి ఎందుకు కట్టీసినారు? దొంగని కట్టినట్టు."

లేచి ముసలాయన కాలు కప్పేను, అప్ప చెప్పిన పని ముందు చెయ్యాలనిపించింది. తర్వాత మంచం అంచున కూచుని కట్టు విప్పుతూ, నవ్వుతూ, ఏడుస్తూ అన్నీ చెప్పేను. జీడి కాదని, సర్పి అని, టెక్కలి మాత్రలు ఒంట్లో నిలవైపోయేయని, బావని ఎవుల్రా అందని. "ఓలమ్మ! అలాగన్నానేటి?" అని నాలిక కరుచుకుంది. నన్ను మేస్త్రీ అందని చెప్తే, "ఆ ముండా మేత్రీగోడా! నీకా మొకమేటే?" అని నవ్వబోయి, నుదురు మండి, ఆగిపోయింది. చేత్తో కన్ను తడుముకోబోతే పట్టుకున్నాను.

"ఈ కంటికి మల్లీ సూపొత్తాదేటే?" అంది.

అంతలో గంటా అయింది, లోకనాథ్ మెషీన్ ఆపి సూదులు తీసి కట్టు కట్టేడు, డాక్టరు లక్ష్మీకుమారి గారు వచ్చేరు, వెనకాల బావ. ఆవిడ అప్పతో నాలుగు మాటలాడించేరు, ఊరి పేరడిగేరు, వారం అడిగేరు, సంతోషించేరు, మాత్రల అట్టలోంచి తీసి విరిచిన అర మాత్ర నా అరచేతిలో పెట్టి, మీరు ఎలా చెప్తే అలా అన్నారు. బావ గోడకానుకుని నిలబడ్డాడు. అప్ప నా చేతి వంక చూసింది.

"అదేనేటి ఆ మందు?"

"అదే. వేస్తే కన్ను నిలబడొచ్చు, మతి మళ్లీ తప్పొచ్చు. డాక్టరుగారు వెయ్యాలంటన్నారు. బావ వద్దంటన్నాడు."

"నువ్వేటంతన్నావు?"

"నాకు తెల్దప్పా." ఈ మాట అప్పతో ఎప్పుడూ అనలేదు నేను. పదో క్లాసు లెక్కలు తప్పుతానేమో అని భయపడ్డప్పుడు కూడా అనలేదు. "నిజంగా తెల్దు. నాకే కాదు, ఎవరికీ తెల్దు."

అప్ప ఆగిపోయిన మెషీన్ వంక చూసింది. "ఇప్పుడు నాకు మతి ఎలగొచ్చినాది?" అంది.

"మెషీన్ కడిగింది."

"మల్లీ తప్పితే మల్లీ కడగనేరేటి?"

"కడుగుతారు. ప్రతిసారీ వస్తాదని చెప్పలేనప్పా."

"కన్ను పోతే కడిగి తెత్తారేటి?"

నేను తల అడ్డంగా ఊపేను.

"మరింకేటే? ఎట్టు ఇలాగ," అని చెయ్యి చాపింది. తర్వాత బావ వైపు తిరిగి, "నువ్వు ఇలా దగ్గరికి రా. నాను మల్లీ ఎవుల్రా నువ్వు అన్నాననుకో, ఏడిసి ఎల్లిపోకు. నాను దానయ్యని, నీ మొగుణ్ణి అని సెప్పు. ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు సెప్పు. ఇసుక్కోకుండా," అంది. బావ వచ్చి తల దగ్గర నిలబడ్డాడు.

నేను ఇవ్వలేకపోయేను. ఇద్దామనే అనుకున్నాను, పిడికిలి విడలేదు. లాబ్‌లో ఎన్ని వేలసార్లు, గాజు పళ్లేల్లోకి, సూదుల్లోకి మందు పోసేను, ఒక్క చుక్క ఒలకలేదు, ఈ అర ముక్కని మాత్రం గుప్పిట్లో పెట్టుకుని రాయిలా కూచున్నాను. అప్ప కుడిచేత్తో నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది. జీడి మచ్చల వేళ్లతో నా వేళ్లు ఒక్కోటీ విప్పింది. తనే తీసుకుంది, నోట్లో వేసుకుంది. "నీల్లు ఎక్కువ పొయ్యకే, మెషీనెక్కేవోల్లకి రోజుకిన్నని లెక్కుంటాది," అంది, మాట ముద్దగా వచ్చింది.

గ్లాసు అడుక్కి నీళ్లు పోసి అందించేను. అప్ప తల వెనక్కి వంచుతుంటే నా నోరు నన్నడక్కుండానే అనేసింది, "అప్పా, నేనెవర్ని?"

గ్లాసు పట్టుకున్న చెయ్యి ఆగింది. ఒంటికన్నుతో నన్నోసారి, బావనోసారి చూసింది.

"ఓసి నీ కంగారు కాలా," అంది, "ఇంకా మింగనైనా నేదే."